తల మీద చెంబు, కాళ్ల కింద పళ్లెం: ఒక రంగప్రవేశం డీవీడీ కేస్ స్టడీ

విజయవాడలో కూచిపూడి నేర్పే ఒక టీచర్ గారు తన శిష్యురాలి రంగప్రవేశం టేపులు మూడు తెచ్చి ఇచ్చారు. 2004లో తీసిన మినీడీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్) టేపులు, పాల్ పద్ధతి (మన దేశపు టీవీ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు), స్టేజికి ఎదురుగా స్టాండు మీద నిలబెట్టిన ఒకే కెమెరా. వాటితో పాటు అప్పట్లో ఎవరో చేసిచ్చిన డీవీడీ కూడా ఉంది. ఆవిడకు కావలసినవి మూడు. ఇంట్లో ప్లేయర్‌లో వేస్తే రిమోట్‌తో ఏ అంశం కావాలంటే ఆ అంశం తెరుచుకోవాలి. క్లాసులో పిల్లలకు చూపించడానికి పనికిరావాలి. అమెరికాలో స్థిరపడిన ఆ శిష్యురాలి ఇంట్లోనూ ఆడాలి.

"తరంగంలో పళ్లెం ఎక్కే చోటికి నేరుగా వెళ్లాలి బాబూ. నేను ముందుకు జరుపుకుంటూ కూర్చుంటే ఈలోగా పిల్లలు లేచిపోతారు" అన్నారు. "సరేనమ్మా, అక్కడికే ఒక బటన్ పెడతాను" అన్నాను. తరంగమంటే కూచిపూడిలో పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే అంశం. డిస్కులో తర్వాత తీసుకున్న నిర్ణయాలు చాలావరకు ఈ మాట చుట్టూనే తిరిగాయి.

పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. ఫైలుకు బటన్లుండవు. అరవై దాటిన మనిషి రిమోట్‌లో పైకీ కిందికీ నొక్కి, ఓకే కొట్టి, సరిగ్గా కావలసిన జతి దగ్గర వాలాలంటే ఇప్పటికీ డీవీడీ మెనూ అంత సుళువైనది ఇంకొకటి లేదు.

పాత డిస్కులో ఏముంది

పని మొదలుపెట్టే ముందు ఆ పాత డిస్కును విప్పి చూశాను. 148 నిమిషాల కార్యక్రమం మొత్తం ఒకే టైటిల్‌గా (డిస్కులో విడిగా ఆడే వీడియో భాగం), ఒకే 4.7 జీబీ డిస్కులో కుక్కేశారు. లెక్క కట్టండి: 4.7 జీబీ అంటే 37,600 మెగాబిట్లు. 8,880 సెకన్లతో భాగిస్తే సెకనుకు 4.2 మెగాబిట్లు, అదీ ఆడియోతో కలిపి. కూర్చుని మాట్లాడే మనిషికి అది సరిపోతుంది. జరీ చీర, గజ్జెలు, స్టేజి లైట్లు, వేగంగా కదిలే పాదాలు ఉన్నచోట బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోతుంది. చాప్టర్లు సాఫ్ట్‌వేర్ తనంతట తాను 5 నిమిషాలకొకటి కొట్టుకుంటూ పోయింది. మెనూ సంగతి చెప్పనక్కర్లేదు: పెళ్లి టెంప్లేట్, హృదయాకారపు చట్రంలో ఆ అమ్మాయి బొమ్మ, పక్కన రెండు పావురాలు.

అసలు జబ్బు ఫీల్డ్ ఆర్డర్. డీవీ టేపులో ఒక్కో ఫ్రేము రెండు ఫీల్డులుగా (ఒక గీత విడిచి ఒక గీత ఉండే సగం బొమ్మలుగా) ఉంటుంది, కింది ఫీల్డు ముందు. ఈ డిస్కులో అది తిరగబడింది. కంప్యూటర్‌లో చూస్తే ప్లేయర్ రెండు ఫీల్డులనూ కలిపేసి చూపిస్తుంది కాబట్టి తెలియదు. టీవీలో మాత్రం కదిలినదల్లా వణుకుతుంది. అనుమానం వస్తే తేల్చుకునే ఉపాయం ఉంది: క్లిప్పును ఫీల్డులుగా విడదీసి సెకనుకు 50 బొమ్మలు చేసి, ఒక్కోటీ ముందుకు జరపండి. ముందుకు వేసిన పాదం ముందుకే పోతూ ఉంటే సరే. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు ఊగిందంటే వరుస తప్పినట్టే. టీచర్ గారు ఇన్నాళ్లూ "ఆ డిస్కు చూస్తే కళ్లు లాగుతాయి" అంటూ వచ్చింది దీని గురించే.

టేపు దించడం

డీవీ టేపు దించుకునే ఫైర్‌వైర్ పోర్టు ఉన్న కంప్యూటర్ ఇప్పుడు బజారులో దొరకదు. పాత డెస్క్‌టాప్‌లో కార్డు పెట్టుకుని, లినక్స్ మీద డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాంతో దించుతాను. గంట టేపు దాదాపు 13 జీబీ అవుతుంది. మొత్తం 32 జీబీ వచ్చింది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఆడియో విషయంలో. ఆ కెమెరా 12 బిట్, 32 కిలోహెర్ట్జ్ మోడ్‌లో ఉండగా తీశారు. ఇళ్లల్లో వాడే హ్యాండీక్యామ్‌లు చాలావరకు అలాగే వచ్చేవి. డీవీడీకి 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. మార్చాక టేపు చివర్లో నట్టువాంగం తాళం దెబ్బ, పాదం నేలను తాకే ఫ్రేము కలుస్తున్నాయా అని చూసుకున్నాను. మొదట్లో కలిసి చివరికొచ్చేసరికి జారడం మామూలు డీవీ కెమెరాలతో వచ్చే చిక్కే.

ఒక డిస్కా, రెండా

డ్యూయల్ లేయర్ డిస్కులో 8.5 జీబీ పడుతుంది కాబట్టి ఒక్కదానితో పని అయిపోతుందనిపిస్తుంది. నేను ఒప్పుకోలేదు. పొర మారే చోట ప్లేయర్ క్షణం ఆగుతుంది, పాత ప్లేయర్లు ఆ డిస్కులతో మొండికేస్తాయి, మంచి రకం దొరకడమూ కష్టం. కార్యక్రమానికి ఎలాగూ మధ్యలో విరామం ఉంది. రెండు డిస్కులు.

మొదటి దానిలో పూర్వరంగం, జతిస్వరం, శబ్దం, ప్రవేశ దరువు కలిపి 62 నిమిషాలు, సభ 30 నిమిషాలు. రెండో దానిలో తరంగం, జావళి, తిల్లానా, మంగళం కలిపి 56 నిమిషాలు.

సభ అంటే తెలిసిందే: పెద్దలు, శాలువాలు, జ్ఞాపికలు, మైకు సరిచేయడం. "తీసెయ్యకు బాబూ, అందులో మాట్లాడిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు" అన్నారు టీచర్ గారు. తీయలేదు. విడి టైటిల్‌గా పెట్టి సెకనుకు 3 మెగాబిట్లు మాత్రం ఇచ్చాను. మాట్లాడే మనిషి మీద బిట్లు ఖర్చు పెట్టి నాట్యానికి కోత వేయడం తెలివైన పని కాదు. ఒకే డిస్కులో టైటిల్‌కో బిట్‌రేట్ ఇచ్చుకోవచ్చన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

లెక్క ఇలా తేలింది. మొదటి డిస్కులో నాట్యానికి సగటున 7 మెగాబిట్లు, ఆడియోకి 256 కిలోబిట్లు. 3,720 సెకన్లకు అది 3.37 జీబీ. సభకి 0.73. పైన ప్యాకింగ్ ఖర్చు, మెనూలు వేసుకుంటే 4.2 జీబీకి చేరింది. అక్కడే ఆపాను. రైట్ చేసిన డిస్కులో తప్పులు ఎక్కువగా వచ్చేది బయటి అంచునే. ఆ అంచు దాకా నింపడం నాకు ఇష్టం ఉండదు.

రెండో డిస్కులో సగటు 8. గరిష్ఠం 8.8 దగ్గర కట్టేశాను. డీవీడీ ప్రమాణం వీడియోకి 9.8 దాకా ఒప్పుకుంటుంది కానీ ఇంట్లో రైట్ చేసిన డిస్కు ఆ వేగంలో పాత ప్లేయర్లలో తడబడుతుంది.

ఎన్‌కోడింగ్

టూ పాస్‌లో (మొదటిసారి కొలిచి, రెండోసారి బిట్లు పంచి) చేశాను. వీడియోను డీవీడీ కోసం కుదించే ఎంపెగ్-2 ఎన్‌కోడర్‌కు కష్టం ఎక్కడ వస్తుందో మొదటి పాస్ లాగ్‌లో కనిపించింది, ఒకటి అనుకున్నదే, ఇంకొకటి కాదు.

అనుకున్నది తరంగం. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, తల మీద నీళ్ల చెంబు పెట్టుకుని, పళ్లేన్ని ఈడుస్తూ స్టేజి మీద తిరిగే ఘట్టం. పళ్లెం అంచు మీద లైటు మెరుపు ఫీల్డు ఫీల్డుకూ చోటు మారుతుంది. అక్కడ ఎన్‌కోడర్ 8.8ని పూర్తిగా వాడుకుంది.

అనుకోనిది నల్ల తెర. లైట్లు తగ్గించి అభినయం చేసేటప్పుడు కెమెరా గెయిన్ (సిగ్నల్‌ను పెంచే అమరిక) పెంచుకుంది, వెనక తెర మీద నాయిస్ (చుక్కల అలజడి) బుసబుసలాడుతోంది. కదలికే లేని ఆ తెరను కదలికగా లెక్కేసి ఎన్‌కోడర్ బిట్లు ధారపోస్తోంది. ఫ్రేముల మధ్య తేడాలను చూసి తగ్గించే డీనాయిజ్ కొద్దిగా, చీకటి భాగాల మీదే వేశాను. మొత్తం మీద వేస్తే జరీ అంచు మైనపు పూతలా అయిపోతుంది.

ఇక సెట్టింగులు. ఇంటర్‌లేస్‌గానే (రెండు ఫీల్డులుగానే) ఉంచాను, ప్రోగ్రెసివ్‌గా (ఒకే పూర్తి ఫ్రేముగా) మార్చలేదు. పాదం పనితనం 50 ఫీల్డుల్లో ఉంది. 25 ఫ్రేములు చేస్తే సగం పోతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఎన్‌కోడింగ్ ప్రోగ్రాంలో ఇంటర్‌లేస్ డీసీటీ, ఇంటర్‌లేస్ మోషన్ ఎస్టిమేషన్ జెండాలు (ఫీల్డులను విడివిడిగా చూడమనే ఎంపికలు) రెండూ ఎత్తాలి, కింది ఫీల్డు ముందని చెప్పాలి. మరిచిపోతే ఎర్ర చీర అంచుల్లో మెట్లుమెట్లుగా రంగు చిందుతుంది. ఆ అమ్మాయి కట్టింది ఎర్ర పట్టే. లైట్లు మెల్లగా ఆర్పే చోట చారలు పడకుండా డీసీ ప్రెసిషన్ (వెలుగు మెట్లను ఎంత సన్నగా లెక్కించాలన్నది) 10 బిట్లు పెట్టాను.

ఇంట్లో ఒకరు "కొత్త టీవీ నిండా వచ్చేలా చెయ్యండి" అన్నారు. 4:3 బొమ్మను 16:9కి కోస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. తరంగంలో కెమెరామన్ చెంబు నుంచి పళ్లెం దాకా ఫ్రేమును సరిగ్గా పట్టాడు. కోస్తే చెంబయినా పోవాలి, పళ్లెమైనా పోవాలి. ఆ ఫ్రేము ఆపి చూపించాక ఇంకెవరూ అడగలేదు.

ఆడియోకి ఏసీ-3, అంటే డాల్బీ వారి కుదించిన ఆడియో. ఏమీ కుదించని పీసీఎం పెడదామన్న ఆలోచన వచ్చింది, కానీ అది సెకనుకు 1.5 మెగాబిట్లు తింటుంది; 32 కిలోహెర్ట్జ్‌లో సగమైన 16 కిలోహెర్ట్జ్ పైన టేపులోనే ఏమీ లేనప్పుడు దానికి అంత ఎందుకు? ఎంపీ2 అనే ఇంకో కుదింపు పాల్ డిస్కుకు చెల్లుతుంది కానీ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్కులో దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఏసీ-3 రెండింటికీ పనికొస్తుంది. ఏసీ-3 చేసేవాళ్లకు ఒక మాట: డైలాగ్ నార్మలైజేషన్ (ప్లేయర్ ధ్వనిని ఎంత తగ్గించాలో చెప్పే అంకె) మైనస్ 31 ఉంచండి, డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (పెద్ద శబ్దాలను అణిచే ఏర్పాటు) తీసేయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మైనస్ 27తో వస్తాయి. ప్లేయర్ 4 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. కంప్రెషన్ అలాగే ఉంటే మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా వయొలిన్ వెనక్కి తగ్గి మళ్లీ లేస్తుంది. సినిమాల కోసం పెట్టిన ఏర్పాటు, కచేరీకి శత్రువు.

చాప్టర్లు జతి మొదట్లో

డీవీడీలో చాప్టర్ మొదలయ్యేది ఐ-ఫ్రేము (పక్క ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి బొమ్మ) దగ్గరే. పాల్‌లో ఐ-ఫ్రేముకూ ఐ-ఫ్రేముకూ మధ్య 15 ఫ్రేముల దాకా ఉండొచ్చు, అంటే 0.6 సెకను. సినిమాలో ఆ తేడా ఎవరికీ పట్టదు. జతి "తకధిమి" అని ఎత్తుకునే చోట 0.6 సెకను పోతే మొదటి రెండక్షరాలు పోయినట్టే. పిల్లలు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక నిలబడతారు. అందుకని ముందు టీచర్ గారితో కూర్చుని ప్రతి అంశంలో ఎక్కడెక్కడ గుర్తు కావాలో రాసుకున్నాను. పల్లవి, ప్రతి జతి, ప్రతి చరణం, తీర్మానం. ఆ టైమ్‌కోడ్‌లన్నీ ఎన్‌కోడర్‌కు ముందే ఇచ్చి, అక్కడ బలవంతంగా ఐ-ఫ్రేము పడేలా, అక్కణ్నుంచి మొదలయ్యే ఫ్రేముల గుంపు వెనకటి దాని మీద ఆధారపడకుండా చేశాను. ఎన్‌కోడ్ అయ్యాక చాప్టర్లు పెట్టుకుందామనుకుంటే ఈ పని కుదరదు, మొత్తం మళ్లీ చేయాలి.

ఏది అయిపోయాక ఎక్కడికి

ఆథరింగ్ (వీడియోలకు మెనూలు, దారులు అమర్చే పని) డీవీడీఆథర్ అనే ప్రోగ్రాంలో, చేత్తో ఎక్స్‌ఎంఎల్ రాసి చేశాను. బొమ్మలు లాగి పడేసే సాఫ్ట్‌వేర్లలో సులువే, కానీ నాకు కావలసినవి కొన్ని వాటిలో దాగి ఉంటాయి.

ప్రతి అంశాన్నీ విడి టైటిల్ చేశాను. టైటిల్ అయిపోయాక ఏం చేయాలన్నది దాని పోస్ట్ కమాండ్‌లో (ఆడటం ముగిశాక నడిచే ఆజ్ఞలో) ఉంటుంది. ప్లేయర్‌లో మనం వాడుకోవడానికి 16 రిజిస్టర్లు (అంకెలు దాచుకునే గళ్లు) ఉంటాయి, డీవీడీఆథర్ కొన్నింటిని తనకు అట్టేపెట్టుకుంటుంది. మెనూలో "మొత్తం" నొక్కితే ఒక రిజిస్టర్‌లో 1 వేస్తాను, విడిగా ఒక అంశం నొక్కితే 0. టైటిల్ చివర అది 1 అయితే తర్వాతి అంశానికి, కాకపోతే మెనూకి. వీడియో రెండుసార్లు పెట్టనక్కర్లేదు. "మొత్తం" దారిలో సభ రాదు. శబ్దం అవ్వగానే నేరుగా ప్రవేశ దరువు. సభ కావలసినవాళ్లకు దాని బటన్ దానికుంది.

ఇంకో చిన్న ఏర్పాటు. జతిస్వరం చూసి మెనూకి తిరిగి వస్తే కర్సర్ మళ్లీ మొదటి బటన్ మీద నిలబడితే విసుగు పుడుతుంది. తర్వాతి అంశం మీద ఉండాలి. కర్సర్ ఎక్కడుందో ప్లేయర్ 8వ నంబర్ సిస్టమ్ రిజిస్టర్‌లో పెట్టుకుంటుంది, బటన్ నంబర్‌ను 1024తో హెచ్చవేసి. మూడో బటన్ కావాలంటే 3072. జతిస్వరం పోస్ట్ కమాండ్‌లో ఆ అంకెను దాచి, మెనూ ప్రీ కమాండ్‌లో (మెనూ తెరుచుకునే ముందు నడిచే ఆజ్ఞలో) దాన్ని తీసి పెట్టాను. చూసేవాళ్లు గమనించరు, గమనించకపోవడమే కావాలి.

పళ్లెం ఘట్టానికి మాత్రం విడిగా వీడియో పెట్టాను. అదే 10 నిమిషాల భాగాన్ని రెండో డిస్కులో ఇంకో టైటిల్‌గా వేసి, పోస్ట్ కమాండ్‌లో మళ్లీ తన దగ్గరికే పంపాను. అయిపోగానే మొదటికి వస్తుంది, రిమోట్‌లో మెనూ నొక్కేదాకా తిరుగుతూనే ఉంటుంది. వీడియో ముక్కలకు తగిలించే సెల్ కమాండ్లతో చోటు మిగిల్చుకుంటూ ఇదే చేయొచ్చు, కానీ కొన్ని ప్లేయర్లు వాటి దగ్గర తడుముకుంటాయి. 0.6 జీబీ ఖాళీ ఉన్నప్పుడు ఆ తెలివితేటలు అనవసరం.

తెలుగు మెనూ

మెనూ బొమ్మలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో. వత్తులు, గుణింతాలు అక్కడ సరిగ్గా కూర్చుంటాయి. ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ సొంత టెక్స్ట్ పెట్టెలో తెలుగు రాస్తే "తిల్లానా" ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 768 వెడల్పు, 576 ఎత్తులో గీసి, చివర వెడల్పు 720కి నొక్కాలి. టీవీ దాన్ని మళ్లీ సాగదీస్తుంది. మొదటే 720లో గీస్తే నటరాజు చుట్టూ ఉన్న జ్వాలావలయం అడ్డంగా సాగిన గుడ్డులా వస్తుంది.

ఫాంటు ఎంపికలో అందం రెండో మాట. ఇంటర్‌లేస్ టీవీలో ఒక్క లైను మందం ఉన్న అడ్డగీత వెలిగి ఆరుతూ ఉంటుంది. మన తలకట్టులూ, వత్తుల అడుగులూ సన్నగా ఉన్న ఫాంట్లలో సరిగ్గా ఇదే జరుగుతుంది. పుస్తకాలకు బాగుండే పోతన వద్దనుకుని మందంగా ఉండే రామభద్ర పెట్టాను. అంచుల్లో పదో వంతు వదిలేశాను. టీచర్ గారి పాత పెట్టె టీవీ ఆ మేర మింగేస్తుంది.

హైలైట్, అంటే ఎంచుకున్న బటన్ వెలుగు, వీడియో మీద పరిచే సబ్‌పిక్చర్ పొరలో వస్తుంది. అందులో నాలుగే రంగులు, వాటిలో ఒకటి పారదర్శకం. అంచులు నునుపు చేయడానికి అందులో చోటు ఉండదు. అక్షరాలనే రంగు మార్చి వెలిగిస్తే తెలుగు గుండ్రాలన్నీ రంపపు పళ్లలా కనబడతాయి. అందుకని పేరును ముట్టుకోకుండా దాని ఎడమ పక్క ఒక గజ్జె మువ్వ వెలిగేలా చేశాను. చిన్న చుక్క కాబట్టి అంచు గరుకు తెలియదు. రెండు వరుసల మెనూలో కింది బాణం నొక్కితే ఎటు పోవాలో ప్రతి బటన్‌కూ చేత్తో రాశాను. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే తరంగం నుంచి మంగళానికి దూకింది.

మెనూ మీద పాట కావాలన్నారు. మెనూ లూపు తిరిగే చోట ప్లేయర్ అర క్షణం ఆగి తీరుతుంది. ఆదితాళంలో సరిగ్గా ఆవర్తనం పూర్తయిన చోట కోసి, సమం దగ్గర మళ్లీ మొదలయ్యేలా పెట్టాను. ఆగినట్టు కాకుండా ఊపిరి తీసుకున్నట్టు వినిపిస్తుంది.

అమెరికా కాపీ

మన దగ్గర ప్లేయర్లు పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడతాయి. అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ ఆడవు. రీజియన్ కోడ్ (ప్రాంతాన్ని బట్టి డిస్కుకు వేసే తాళం) అడ్డం కాదు, ఇలా చేసుకునే డిస్కుకు ఆ తాళం వేయం. అడ్డం 25 ఫ్రేములు 29.97 కావడమే.

తేలిక దారి ఒకటుంది: 25ని 23.976కి నెమ్మది చేసి, పుల్‌డౌన్‌తో (కొన్ని ఫీల్డులను మళ్లీ చూపుతూ) నడిపించడం. సినిమాకి సరిపోతుంది. ఇక్కడ నడక 4 శాతం తగ్గుతుంది, దాంతో శ్రుతీ దిగుతుంది. అయిదు శ్రుతిలో పాడిన పాట నాలుగున్నరకు కాస్త పైన, ఏ వాద్యానికీ కలవనిచోట ఆగుతుంది. శ్రుతిని సాఫ్ట్‌వేర్‌తో ఎత్తినా కాలప్రమాణం తప్పే ఉంటుంది. ఆ డిస్కు చూసి సాధన చేసే పిల్ల నెమ్మదైన లయే సరైనదనుకుంటుంది. ఈ దారి మూసేశాను.

ఏవీసింత్ అనే వీడియో ప్రోగ్రాంలో క్యూటీజీఎంసీ స్క్రిప్టుతో ఫీల్డులను విడదీసి సెకనుకు 50 పూర్తి ఫ్రేములు చేశాను. అక్కణ్నుంచి 59.94కి (29.97కి రెట్టింపు) రావాలి. మోషన్ అంచనాతో మధ్య ఫ్రేములు పుట్టించే పద్ధతి పళ్లెం మీద బాగానే పనిచేసింది, హస్తాల దగ్గర చెడింది: కటకాముఖం అనే ముద్ర విప్పేటప్పుడు వేళ్లు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయాయి. చివరికి పక్క ఫ్రేములను కలిపే పద్ధతికే వచ్చాను. వేగమైన అడుగుల్లో పలచటి నీడ వస్తుంది, కానీ ముద్ర ముద్రలాగే ఉంటుంది. తర్వాత ఎత్తు 480కి తగ్గించి మళ్లీ ఇంటర్‌లేస్ చేశాను. మెనూలు 720 బై 540లో గీసి 480కి నొక్కాను, అక్షరాలు ఇంకాస్త పెంచి.

ఆ 50 ఫ్రేముల వెర్షన్‌నే ఎంపీ4గా కూడా ఇచ్చాను, ల్యాప్‌టాప్‌లో చూసుకోవడానికి. ఎంపీ4 కదా అని 25కి తగ్గించి ఇచ్చేవాళ్లే ఎక్కువ. పాదం పని అక్కడే పోతుంది.

రైటింగ్

మంచి ఖాళీ డిస్కు దొరకడం ఇప్పుడు పెద్ద పని. తైయో యూడెన్ 2015లో ఈ వ్యాపారం మానుకుంది, మన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఉన్నవాటిలో వెర్బాటిమ్ 16ఎక్స్ తీసుకుని, ఇమ్జ్‌బర్న్ ప్రోగ్రాంలో 8ఎక్స్ వేగం మీద రైట్ చేసి, వెరిఫై చేయకుండా ఏదీ బయటికి పంపలేదు. ముందుగా చెరిపి మళ్లీ రాయగల ఒక ఆర్‌డబ్ల్యూ డిస్కులో వేసి టీచర్ గారి ప్లేయర్‌లోనే ప్రతి బటన్ నొక్కి చూశాం. కాగితం స్టిక్కర్ అతికించలేదు. అది ఒక పక్క లేచినా, బరువు సమంగా లేకపోయినా డిస్కు ఊగుతుంది.

క్లాసులో వాడే పోర్టబుల్ ప్లేయర్ ఒకటి మాత్రం కర్సర్ కమాండ్‌ను లక్ష్యపెట్టదు, ఎప్పుడూ మొదటి బటన్ మీదకే వస్తుంది. దాని కోసం మిగతా ప్లేయర్లలో ఆ సౌకర్యం తీసేయడం ఎందుకని అలాగే ఉంచాను. రెండో డిస్కులో మొదటి బటన్ తరంగమే కాబట్టి టీచర్ గారికి అది పట్టనే లేదు.